కార్డు మీద అప్పు, కవర్లో దశమభాగం. ఏది ముందు?

అప్పుల_అంచున
ఆదివారం, రాత్రి 11:52

అందరికీ వందనాలు. ఏడాదిగా ఇక్కడ చదవడమే కానీ ఎప్పుడూ రాయలేదు. పొద్దున ఆరాధనలో కానుకల సంచి నా ముందుకొచ్చింది, దశమభాగం, అంటే జీతంలో పదోవంతు ఉన్న కవరు వేశాను. బయటికొచ్చి పెట్రోలు బంకులో మూడొందలకు క్రెడిట్ కార్డు గీకాను. ముందు నాకే నవ్వొచ్చింది, ఇంటికొచ్చేసరికి భయమేసింది. నిద్ర పట్టక రాస్తున్నా.

వయసు 34. రామంతాపూర్‌లో అద్దెకుంటాం, ఉద్యోగం మాదాపూర్‌లో. చేతికొచ్చేది 52 వేలు. పర్సనల్ లోను ఇంకా 3,20,000 ఉంది, ఈఎంఐ 11,400. బండి లోను 40 వేలు, నెలకు 3,600. మొదటి కార్డు మీద 1,40,000, రెండో దాని మీద 85,000, రెంటికీ మినిమం మాత్రమే కడుతున్నా, కలిపి 11,250. మా బావ దగ్గర చేబదులు లక్ష, వడ్డీ లేదు, ఆయన అడగడు, అడగనందుకే ఆయన ఫోన్ వస్తే ఎత్తలేకపోతున్నా. అద్దె 14 వేలు. దశమభాగం 5,200, పెళ్లయినప్పటి నుంచి ఒక్క నెల తప్పలేదు. అన్నీ పోగా ఆరున్నర వేలు మిగులుతాయి, అందులో ఇల్లు గడవదు కాబట్టి పాలు, కిరాణం మళ్లీ కార్డు మీదే.

పర్సనల్ లోను నాన్నకు స్టెంట్ వేసినప్పుడు తీసుకున్నా, దాని గురించి బాధ లేదు. కార్డుల సంగతి అలా కాదు. పాప మొదటి పుట్టినరోజుకు ఉప్పల్‌లో ఫంక్షన్ హాలు, రెండొందల మందికి బిర్యానీ, చర్చి సంఘం అంతా వచ్చింది, అందరూ మెచ్చుకున్నారు. ఆ తర్వాత ఒక ఫోన్ కొన్నా. మా ఆవిడకు బండి లోను, బావ అప్పు వరకే తెలుసు.

అడగాలనుకున్నవి మూడు. అప్పు పాపమా? తీరేదాకా దశమభాగం ఆపితే మలాకీ 3:8 ప్రకారం దేవుని దగ్గర దొంగిలించినట్టేనా? మూడోది, ఆఫీసులో ఒక బ్రదర్ చిట్టీ పాడుకున్నాడు, హామీ సంతకం పెట్టమంటున్నాడు, తోటి విశ్వాసి, కాదనలేకపోతున్నా.

కూకట్‌పల్లి_కుర్రాడు
సోమవారం, ఉదయం 7:10

బ్రో, పేరు తప్ప అంతా నా కథే. నాకు పాప లేదు, బాబు. ఏం చెప్తారో చూద్దామని కూర్చున్నా.

లెక్కల_మాస్టారు
సోమవారం, ఉదయం 9:35

బాబూ, బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను, తార్నాకలో ఉంటాను. వాక్యం చెప్పేవాళ్లు నా వెనక వస్తారు, నేను అంకెలే చెబుతాను.

రెండు కార్డుల మీద 2,25,000. నూటికి నెలకు మూడున్నర అనుకుందాం, చాలా కార్డులు ఆ చుట్టుపక్కలే ఉంటాయి. నెల వడ్డీ 7,875. ఆ వడ్డీ మీద జీఎస్‌టీ 18 శాతం, 1,400 పైచిలుకు. నువ్వు కట్టే 11,250లో అసలుకు పోయేది రెండు వేలు కూడా లేదు. అదే నెలలో కిరాణానికి ఎంత గీకుతున్నావో నువ్వే చూసుకో. ఇంకో సంగతి చాలామందికి తెలియదు, పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికి ఆ నలభై చిల్లర రోజుల గడువు వర్తించదు, గీకిన రోజు నుంచే వడ్డీ. నువ్వు పోయించుకున్న మూడొందల పెట్రోలుకూ మీటర్ తిరుగుతోంది.

అందుచేత నీ మాట కొంచెం సరిచేస్తాను, ఏమనుకోకు. నువ్వు దశమభాగం జీతంలోంచి ఇవ్వడం లేదు. సంవత్సరానికి 42 శాతం వడ్డీకి తెచ్చి ఇస్తున్నావు. దేవుడికి ఆ డబ్బు ఇష్టమా కాదా నాకు తెలియదు, కార్డు కంపెనీకి మాత్రం చాలా ఇష్టం.

స్థిర_విశ్వాసి
సోమవారం, ఉదయం 10:20

మాస్టారూ, క్షమించాలి, ఈ మాటలు ప్రమాదకరం. దేవుని సొమ్ము ముట్టకూడదు. 2009లో నా వ్యాపారం పోయింది, తొమ్మిది లక్షల అప్పు, ఇంట్లో బియ్యం నిండుకున్న రోజులున్నాయి. ఆటో నడిపాను. రోజుకు వచ్చిన దాంట్లో పదోవంతు ముందు పక్కన పెట్టి మిగతాదే ఇంటికి తీసుకెళ్లేవాణ్ని. ఆరేళ్లలో తీరిపోయింది, ఎలా తీరిందో నా భార్యను అడిగినా చెప్పలేదు. లెక్కల ప్రకారం తీరకూడదు. మీరు ఆపేయమని సలహా ఇస్తే రేపు ఆ తమ్ముడి ఇంట్లో ఆశీర్వాదం ఆగిపోతే మీరు బాధ్యులా?

లెక్కల_మాస్టారు
సోమవారం, ఉదయం 10:41

మీరు ఆటో నడిపి వచ్చిన డబ్బులోంచి ఇచ్చారు. అతను గీకిన దాంట్లోంచి ఇస్తున్నాడు. మీ సాక్ష్యాన్ని నేను కాదనడం లేదు.

కాపరి_కొడుకు
సోమవారం, మధ్యాహ్నం 1:15

పాస్టర్ గారి ఇంట్లో పెరిగినవాణ్ని కాబట్టి కానుకల కవర్లు, అప్పులవాళ్లు రెంటినీ ఒకే గుమ్మంలో చూశాను. కొంచెం పొడుగు రాస్తా.

అందరూ చూపించేది రోమా 13:8, "మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దు." చిన్నప్పుడు అచ్చు అంటే ప్రింటింగ్ అనుకునేవాణ్ని, అచ్చియుండడం అంటే బాకీపడి ఉండడం అని నాన్న చెప్పేదాకా. దానికి ముందు వచనం ఎవరూ చదవరు. పన్ను ఎవరికి ఇయ్యాలో వారికి పన్ను, సుంకం ఎవరికి ఇయ్యాలో వారికి సుంకం, ఎవరి ఋణం వారికి తీర్చండి అని ఉంది. అక్కడ పౌలు మాట్లాడుతున్నది ఇవ్వాల్సింది ఎగ్గొట్టకుండా ఇవ్వడం గురించి. కీర్తన 37:21 కూడా అంతే, అప్పుచేసి తీర్చకుండా ఉండేవాణ్ని భక్తిహీనుడు అంది, అప్పు చేసినవాణ్ని కాదు. అప్పే పాపమైతే పేదవాడికి అప్పు ఇవ్వమని మోషే ధర్మశాస్త్రం ఎందుకు చెబుతుంది? అలాగని అప్పు మంచిదనీ ఎక్కడా లేదు. సామెతలు 22:7 తెలిసిందే, అప్పుచేయువాడు అప్పిచ్చినవానికి దాసుడు. బావ ఫోన్ ఎత్తలేకపోతున్నానన్నారు చూశారా, అదే ఆ వచనానికి వ్యాఖ్యానం.

నాకు ఎక్కువగా గుర్తొచ్చేది 2 రాజులు 4వ అధ్యాయం. ఒక విధవరాలి ఇంట్లో ఉన్న కాస్త నూనెతోనే పాత్రలన్నీ నిండిన అద్భుతం మీద బోలెడు ప్రసంగాలు విన్నాం. ఆవిడ ఎవరి భార్య? ప్రవక్తల శిష్యుల్లో ఒకరి భార్య. అంటే సేవకుడి ఇల్లు. భయభక్తులు గల మనిషి, అప్పు మిగిల్చి చనిపోయాడు, అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ప్రవక్త ఎలీషా ఒక్క మాట తిట్టలేదు, ఎందుకు చేశారని కూడా అడగలేదు. నీ ఇంట్లో ఏముంది అని అడిగాడు. ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి వట్టి పాత్రలు తెమ్మన్నాడు, అవి కూడా కొన్ని కాదు, చాలా. ఆలోచించండి, వీధి వీధంతా తిరిగి గిన్నెలు అడిగింది. వీళ్లింట్లో ఏమీ లేదని వీధి మొత్తానికి తెలిసిపోయింది. నూనె పోసేటప్పుడు మాత్రం తలుపు మూసుకుంది.

మనం సరిగ్గా తిరగేసి చేస్తాం. ఖర్చుకు తలుపులు తెరుస్తాం, రెండొందల మందిని పిలుస్తాం, అప్పుకు తలుపు వేసుకుంటాం. బ్రదర్, పాప ఫంక్షన్ గురించి ఎత్తిపొడవడం లేదు, మా ఇంట్లోనూ అదే.

ఇక నూనె అయ్యాక ఎలీషా ఏమన్నాడు? అమ్మి నీ అప్పు తీర్చు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు. అద్భుతంలో వచ్చిన డబ్బు ముందు అప్పులవాడికి వెళ్లింది. ప్రవక్తకు వాటా సంగతి అక్కడ లేదు.

మెట్టుగూడ_అక్క
సోమవారం, సాయంత్రం 6:02

తమ్ముడూ, నీ మూడు ప్రశ్నల్లో నాకు కనిపించింది అసలు నాలుగోది. మీ ఆవిడకు ఎందుకు చెప్పలేదు?

మా ఆయన కూడా ఇలాగే దాచారు. నాకు ఎలా తెలిసిందంటే ఒక శనివారం మధ్యాహ్నం ఇద్దరు కుర్రాళ్లు వచ్చి మెట్ల దగ్గర నిలబడి కింద పోర్షన్ వాళ్లకు వినపడేలా పేరు పెట్టి పిలిచారు. ఆ రోజు డబ్బు గురించి కాదు నేను ఏడ్చింది. పక్కన పడుకునే మనిషి ఇంత మోస్తూ నాకు చెప్పలేదే అని. అంతకు ముందు నెలలోనే సంఘంలో మందిరం కట్టడానికి పిలుపిస్తే నేను నా గొలుసు తీసి ఇచ్చాను, ఇంట్లో ఇంత అప్పుందని తెలిసుంటే ఇచ్చేదాన్నా? తెలియకుండా చేసిన త్యాగం అది, నా వైపు నుంచి భక్తే కావచ్చు, మా ఆయన అది కళ్లారా చూస్తూ నోరు మెదపలేదు.

మార్కు 7లో కొర్బాను అని ఉంటుంది. అమ్మానాన్నలకు ఉపయోగపడాల్సింది దేవుడికి అర్పితం అని చెప్పి తప్పించుకునేవాళ్లను యేసు ప్రభువు గట్టిగా అడిగారు. కానుక మంచిదే, దాన్ని ఇంకొకరికి ఇవ్వాల్సిన దాని మీద కప్పితే మాత్రం ఆయనకు నచ్చలేదు. స్థిర విశ్వాసి అన్నయ్య గారూ, మీ ఆటో రోజులు గొప్పవి, మీ ఇంట్లో బియ్యం లేవని మీ ఆవిడకు కూడా తెలుసు కదా, ఇద్దరూ కలిసే ఇచ్చారు. తేడా అక్కడుంది.

స్థిర_విశ్వాసి
సోమవారం, రాత్రి 8:30

ఆ మాట ఒప్పుకుంటాను సిస్టర్. ఆవిడే ముందు తీసి పక్కన పెట్టేది.

చిలకలగూడ_కిరాణం
సోమవారం, రాత్రి 10:48

షాపు కట్టేసి చూస్తున్నా. ఉద్యోగస్తులకు కార్డు, మా లాంటోళ్లకు గిరిగిరి. చేతికి తొమ్మిది వేలు ఇస్తడు, రాసుకునేది పది వేలు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. వెయ్యే కదా అనిపిస్తది. అసలు రోజూ తగ్గుకుంటూ పోతది కాబట్టి సగటున మన చేతిలో ఉండేది నాలుగున్నర వేలే, దాని మీద మూడు నెలల పది రోజులకు వెయ్యి. నూటికి నెలకు ఆరున్నర రూపాయలు దాటింది. మాస్టారు గారు తప్పుంటే చెప్పాలి.

నెహెమ్యా 5లో కరువొచ్చి జనం పొలాలు, ఇళ్లు తాకట్టు పెడితే, పెట్టించుకున్నది కూడా సొంత యూదులే. అధిపతి నెహెమ్యా కోపపడి, తీసుకున్న నూరవ భాగం తిరిగి ఇచ్చేయమన్నడు. అది నెలకు నూటికి ఒకటి అని చాలామంది పండితులు చెప్తరు. అంటే మన లెక్కలో నూటికి రూపాయి వడ్డీ! ఈ రోజు నూటికి రూపాయికి ఎవరైనా ఇస్తే దేవదూత అంటం. దానికే నెహెమ్యా పెద్దలందరినీ నిలబెట్టి అడిగిండు. మా సంఘంలోనే మూడు రూపాయలకు తిప్పే పెద్దమనిషి ముందు వరుసలో కూర్చుంటడు, అడిగేటోడు లేడు.

లెక్కల_మాస్టారు
మంగళవారం, ఉదయం 8:15

లెక్క సరిగ్గానే ఉంది.

వేదిక_నిర్వాహకులు
మంగళవారం, ఉదయం 9:00

దయచేసి సంఘాల పేర్లు, పెద్దల ఆనవాళ్లు రాయొద్దు. కార్డు నంబర్లు, ఫోన్ నంబర్లు ఎవరికీ ఇవ్వొద్దు. రాత్రి "లోను క్లియర్ చేయిస్తాం" అంటూ వచ్చిన రెండు పోస్టులు తీసేశాం.

చిట్టీ_దెబ్బ
మంగళవారం, ఉదయం 11:30

హామీ సంతకం గురించి ఎవరూ మాట్లాడలేదు, నేను చెప్తాను. పెట్టకు. ఇంతే.

సరే, కారణం కూడా చెప్తా. నేను కాయర్‌లో నా పక్కన నిలబడి పాడే అతనికి పెట్టాను. ఐదు లక్షల చిట్టీ, మూడో నెలలో పాడుకున్నాడు, ఎనిమిదో నెల నుంచి కట్టలేదు, ఊరు మారిపోయాడు. హామీదారు అంటే సాక్షి లాంటోడు అనుకున్నా, కాదు, అతను కట్టకపోతే ఆ బాకీ నాదే. మా ఆఫీసు అకౌంట్స్‌కు కాగితం వచ్చిన రోజు మేనేజర్ నన్ను చూసిన చూపు మర్చిపోలేను. సామెతలు 22:26, 27 అప్పుడు చదివాను. అప్పులకు పూటబడేవాళ్లతో చేరొద్దు, చెల్లించడానికి నీ దగ్గర ఏమీ లేకపోతే నీ కింద నుంచి పరుపు లాక్కుపోతారు అని ఉంది. పూటబడడం అంటే ఇదే, మన పూచీ. 6వ అధ్యాయంలో ఇంకా గట్టిగా ఉంది, ఇప్పటికే మాటిచ్చి ఉంటే కునుకు కూడా తీయకుండా వెళ్లి బతిమాలుకుని బయటపడమంటాడు సొలొమోను.

పౌలు ఫిలేమోనుతో అతని దాసుడు ఒనేసిము బాకీ నా లెక్కలో వేయి అన్నాడు కదా అని మా కాయర్ వాళ్లే నాకు చెప్పారు. నిజమే, నేనే తీరుస్తాను అని స్వహస్తంతో రాశాడు. అంటే తీర్చడానికి సిద్ధపడి రాశాడు. నువ్వు ఆ బ్రదర్ చిట్టీ మొత్తం కట్టగలవా? కట్టగలిగితే పెట్టు.

అప్పుల_అంచున
మంగళవారం, మధ్యాహ్నం 2:20

అందరికీ థాంక్స్, లంచ్ టైంలో చదివాను, కడుపు నిండిపోయింది. ఒకటి చెప్పలేదు. నెల క్రితం ఒక యాప్‌లో ఎనిమిది వేలు తీసుకున్నా, కట్టేశాను కూడా, అయినా ఇంకా బాకీ ఉందంటూ రోజూ పొద్దున ఆరున్నరకే ఫోన్లు, నిన్న మా కజిన్‌కు కూడా చేశారట. మా ఆవిడ నంబరుకు వెళ్తుందేమోనని టెన్షన్‌తో ఛస్తున్నా.

లెక్కల_మాస్టారు
మంగళవారం, మధ్యాహ్నం 3:05

ఇది ముందు చెప్పాల్సింది. రికవరీ వాళ్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. బంధువులకు చేసి పరువు తీయడం అసలే కుదరదు. కట్టిన రుజువు, కాల్ లిస్టు, మెసేజ్‌లు అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకో. ఆ యాప్ వెనక రిజర్వు బ్యాంకులో రిజిస్టరైన సంస్థ ఉందో లేదో చూడు. ఉంటే ముందు ఆ సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యి, స్పందించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు. లేకపోతే, బెదిరిస్తుంటే, 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఇవ్వు. 2020 డిసెంబరులో మన దగ్గర ఈ యాప్‌ల వేధింపులకు మనుషులు ప్రాణాలు తీసుకున్నారు, హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. సిగ్గుపడి ఊరుకోవద్దు. ఇంకో పైసా కూడా కట్టకు.

కాపరి_కొడుకు
మంగళవారం, మధ్యాహ్నం 3:40

మాస్టారు చెప్పిన 8 నుంచి 7 నియమం చదివితే ద్వితీయోపదేశకాండము 24 గుర్తొచ్చింది. తాకట్టు తీసుకోవడానికి అప్పు ఇచ్చినవాడు ఆ ఇంట్లోకి వెళ్లకూడదు, బయట నిలబడాలి, అప్పుపడ్డవాడే తెచ్చి ఇవ్వాలి. పేదవాడి దుప్పటి తాకట్టు పెట్టించుకుంటే పొద్దుగూకేలోపు తిరిగి ఇచ్చేయాలి, కప్పుకుని పడుకోవాలి కదా. తిరగలి రాయి తాకట్టు పట్టకూడదు, అది వాళ్ల తిండి. అప్పు ఉన్నా మనిషికి గడప ఉంటుంది, దాని ఇవతలికి రాకూడదు. మీ ఫోన్‌లో కాంటాక్ట్స్ అంటే ఈ రోజుల్లో మీ గడపే.

మెట్టుగూడ_అక్క
మంగళవారం, రాత్రి 9:15

యాప్ వాడు చెప్పేలోపు నువ్వే చెప్పు తమ్ముడూ. ఈ వారంలోనే. పాప పడుకున్నాక, టీవీ కట్టేసి, కాగితం మీద అన్నీ రాసి పెట్టుకుని చెప్పు. నోటితో చెబితే సగం మింగేస్తావు.

ఇంకో మాట, సంఘాల గురించి. మా తాతది మెదక్ దగ్గర పల్లె. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొరగారు మెదక్ చర్చి కట్టించి జనానికి పని ఇచ్చి అన్నం పెట్టారని చెప్పేవాడు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. అక్కడ కట్టడం పేరుతో జనానికి తిండి దొరికింది. అప్పులపాలైన కుటుంబాలను కూర్చోబెట్టి ఒక బడ్జెట్ రాయించే పెద్ద ఒక్కరైనా ప్రతి సంఘంలో ఉంటే ఎంత బాగుంటుంది. ఏటా కొత్త సంవత్సరం రాత్రి "నీవు అనేక జనములకు అప్పిచ్చెదవు గాని అప్పుచేయవు" అని వాగ్దానం కార్డు చేతిలో పెడతారు, జనవరి రెండున ఎవరూ అడగరు ఎలా ఉన్నావని.

అప్పుల_అంచున
తర్వాతి వారం, గురువారం, రాత్రి 10:30

ఆలస్యమైంది, చాలా జరిగింది, ఒక్కసారే రాస్తున్నా.

శనివారం రాత్రి చెప్పాను. అక్క చెప్పినట్టే కాగితం మీద రాసి ముందు పెట్టాను. చాలాసేపు మాట్లాడలేదు. లేచి బీరువా తెరిచి ఒక చీటీ తెచ్చి నా కాగితం పక్కన పెట్టింది. బంగారం లోను రసీదు. రెండు గాజులు, 60 వేలు, వాళ్ల తమ్ముడి బీటెక్ ఫీజు కోసం, పది నెలల క్రితం. నేను వేసుకోమంటే పెళ్లిళ్లకు కూడా ఆ గాజులు వేసుకోలేదు, సింప్లిసిటీ అనుకున్నా. ఇద్దరికీ కోపం రావాలి, ఎందుకో రాలేదు. తెల్లవారుజామున రెండింటిదాకా కూర్చుని లెక్కలు వేశాం.

ఆదివారం పాస్టర్ అయ్యగారి దగ్గరికి ఇద్దరం వెళ్లాం. తిడతారనుకున్నా. ఆయన కార్డుల వడ్డీ ఎంతో విని కాసేపు తల పట్టుకున్నారు, ఆయనకు మినిమం డ్యూ అంటే ఏమిటో నేనే వివరించాల్సి వచ్చింది. "కవరు ఖాళీగా వేసినా పర్లేదు, ఆదివారం మాత్రం మానొద్దు, అప్పుపడ్డవాళ్లు ముందు మానేది గుడికే" అన్నారు. నెలకు 500 ఇవ్వాలని మేమిద్దరం అనుకున్నాం, మిగతా 4,700 కార్డులకు. స్థిర విశ్వాసి గారికి ఇది నచ్చదని తెలుసు.

మొదటి కార్డు బ్యాంకుకు ఫోన్ చేస్తే 1,40,000ను 24 నెలల వాయిదాలకు మార్చారు, సంవత్సరానికి 16 శాతం. నెలకు 6,850 చిల్లర, ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్‌టీ వేరే. ఇప్పటిదాకా కట్టిన మినిమం ఏడు వేలు! దాదాపు అంతే కడుతూ రెండేళ్లలో తీరిపోయేదాన్ని నేను ఇన్నాళ్లూ అడగనేలేదు. ఒక్క ఫోన్ కాల్. కార్డులు రెండూ బావ దగ్గర పెట్టాం, ఆయన నవ్వి "నా లక్ష అడుగున పెట్టు, చివర్న చూద్దాం" అన్నాడు. యాప్ మీద 1930కి ఫిర్యాదు ఇచ్చాను, ఫోన్లు తగ్గాయి, పూర్తిగా ఆగలేదు. చిట్టీ బ్రదర్‌కు కుదరదన్నాను, లిఫ్టులో కనిపిస్తే ఫోన్ చూసుకుంటున్నాడు.

స్థిర_విశ్వాసి
గురువారం, రాత్రి 11:05

బ్రదర్, నా అభిప్రాయం మారలేదు, నేను నీ చోట ఉంటే పూర్తిగానే ఇచ్చేవాణ్ని. అది అలా ఉంచు. పాప స్కూలు ఫీజు ఎప్పుడు కట్టాలి? నాకు విడిగా మెసేజ్ పెట్టు. అప్పు కాదు.

కూకట్‌పల్లి_కుర్రాడు
గురువారం, రాత్రి 11:20

నేను ఇంకా ఇంట్లో చెప్పలేదు. ఆదివారం చెప్తా. ఈ ఆదివారం.

అప్పుల_అంచున
శుక్రవారం, ఉదయం 7:40

మాస్టారూ, ఒక డౌటు. ఆ గాజుల లోను గడువు ఇంకో రెండు నెలల్లో అయిపోతుంది. కట్టలేకపోతే వెంటనే వేలం వేస్తారా? అవి వాళ్ల అమ్మమ్మవట.

లెక్కల_మాస్టారు
శుక్రవారం, ఉదయం 8:02

వెంటనే వేయరు, వేలానికి ముందు నోటీసు ఇవ్వాలి. అంతవరకూ ఆగడం ఎందుకు, ఇప్పుడే వెళ్లి ఇప్పటిదాకా అయిన వడ్డీ కట్టి గడువు పొడిగించడం కుదురుతుందేమో అడగండి, చాలాచోట్ల రెన్యువల్ చేస్తారు. రసీదు మీద పేరు ఎవరిదో వాళ్లే సంతకం పెట్టాలి, మీ ఆవిడ తప్పకుండా ఉండాలి. ఆధార్ కూడా పట్టుకెళ్లండి. శనివారం సెలవేమో చూసుకోండి, రెండో, నాలుగో శనివారం బ్యాంకు ఉండదు.

అప్పుల_అంచున
శుక్రవారం, ఉదయం 8:10

ఈ రోజే మధ్యాహ్నం పర్మిషన్ తీసుకుంటున్నా. తను పాపను వాళ్లమ్మ దగ్గర వదిలి వస్తానంది.